ఉప ఎన్నికలో ఓటు లేదు, మరి మనకేం పని?

కెనడాలో అల్బర్టా ప్రావిన్స్‌లోని ఓల్డ్స్ నుంచి ఒక తమ్ముడు రాశాడు.

"అక్కా, 2025 జూన్‌లో మా నియోజకవర్గంలో ఉప ఎన్నిక జరిగింది. ఇంటి ముందు బోర్డు పెట్టుకుంటారా అని ఒకరు, ఓటు వేస్తున్నారా అని మరొకరు వచ్చి అడిగారు. నాకూ మా ఆవిడకీ పీఆర్ (శాశ్వత నివాసం) ఉంది, డ్రైవింగ్ లైసెన్స్ ఉంది, టాక్స్ కడుతున్నాం. ఓటు ఉంటుందేమో అనుకున్నాం గానీ చివరికి భయపడి వెళ్ళలేదు. తప్పు చేశామా? అసలు ప్రభుత్వం మారేది లేనప్పుడు ఈ ఒక్క సీటు సంగతి మనకెందుకు?"

మీరు వెళ్ళకపోవడమే మంచిదైంది తమ్ముడూ. కెనడా పౌరసత్వం ఉంటేనే ఓటు. పీఆర్ కార్డు, లైసెన్స్, టాక్స్ కాగితాలు, ఇవేవీ ఓటు హక్కు ఇవ్వవు. అల్బర్టా ఎన్నికలో ఓటు వేయాలంటే పద్దెనిమిదేళ్ళు నిండిన కెనడా పౌరులై, ఇక్కడే కాపురం ఉండాలి. హక్కు లేకుండా ఓటు వేస్తే నేరం. రేపు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకునేటప్పుడు అది మెడకు చుట్టుకుంటే విడిపించేవాళ్ళు ఉండరు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఇది మా ఇంట్లో జరిగింది. మేం 2009లో వచ్చాం. 2012 ఎన్నికలకు ముందు ఓటర్ల జాబితా కోసం ఇంటికొచ్చారు. నేను డ్యూటీలో ఉన్నాను. మా వారు ఊళ్ళో జనాభా లెక్కలు రాయించినట్టు ఇద్దరి పేర్లూ చెప్పేశారు. రాత్రి ఇంటికొచ్చి విన్నాక నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఫోన్ చేసి, మేం పౌరులం కాదు, పొరపాటున పేర్లు ఇచ్చాం, తీసేయండి అని చెప్పాను. తీసేశారు. ఫోన్ చేసిన తేదీ, టైము డైరీలో రాసిపెట్టుకున్నాను. మీ పేరు ఎక్కడైనా పొరపాటున ఎక్కిందనిపిస్తే మీరూ అలాగే చేయండి, ఆలస్యం చేయకండి. పీఆర్ వచ్చాక గడిచిన ఐదేళ్ళలో 1,095 రోజులు ఇక్కడ ఉంటే పౌరసత్వానికి అప్లై చేయొచ్చు. అంతకుముందు స్టడీ పర్మిట్, వర్క్ పర్మిట్ మీద ఉన్న రోజుల్ని సగం చొప్పున, 365 రోజుల దాకా లెక్కలోకి తీసుకుంటారు. ఓటు ఆ తర్వాతే.

ఇక రెండో ప్రశ్న. ఒక్క సీటుతో మనకేం పని?

మీ ఓల్డ్స్-డిడ్స్‌బరీ-త్రీ హిల్స్ సంగతే తీసుకోండి. పేరులోనే మూడు ఊళ్ళున్నాయి, చుట్టూ గోధుమ, కనోలా పొలాలు, పశువుల మందలు. 2015 నుంచి ఎమ్మెల్యేగా ఉన్న నేథన్ కూపర్ స్పీకర్‌గా కూడా చేసి, అల్బర్టా ప్రతినిధిగా వాషింగ్టన్ వెళ్ళడానికి రాజీనామా చేశారు. జూన్ 23న జరిగిన పోలింగ్‌లో అధికార యూసీపీ తరఫున టారా సాయర్ గెలిచారు. ఆవిడ ధాన్యం పండించే రైతు. ప్రతిపక్ష ఎన్‌డీపీకి రెండో స్థానం వచ్చింది. మూడో స్థానం అల్బర్టా విడిపోవాలనే రిపబ్లికన్ పార్టీ నాయకుడిది. దేశం మొత్తం ఆ రోజు మీ ఊరి వైపు చూసింది ఆ మూడో స్థానం కోసమే. ఎందుకంటే 1982 ఫిబ్రవరిలో ఇదే ప్రాంతంలో ఉప ఎన్నిక జరిగితే, విడిపోదామన్న వెస్టర్న్ కెనడా కాన్సెప్ట్ పార్టీ అభ్యర్థి గోర్డన్ కెస్లర్ నిజంగానే గెలిచారు. అదే ఏడాది నవంబర్‌లో జరిగిన సాధారణ ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు. జనం ఉప ఎన్నికను ప్రభుత్వానికి ఒక మాట వినిపించడానికి వాడుకుంటారు, ప్రభుత్వం దాన్ని వింటుంది కూడా. మన హుజూరాబాద్, మునుగోడు చూసినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

మునుగోడు అన్నాను కాబట్టి చెబుతాను. మా బ్రూక్స్-మెడిసిన్ హ్యాట్ నియోజకవర్గంలో 2022 నవంబర్ 8న ఉప ఎన్నిక. మునుగోడు పోలింగ్ అంతకు ఐదు రోజుల ముందు, నవంబర్ 3న. డ్యూటీ నుంచి రాగానే టీవీలో మునుగోడు పెట్టేవాళ్ళం, కిటికీలోంచి చూస్తే మా వీధిలో పచ్చికలో గుచ్చిన చిన్న చిన్న బోర్డులు. అక్కడ 93 శాతం పైన పోలింగ్. ఇక్కడ ఓటర్లలో మూడో వంతు కాస్త దాటారేమో, అంతే. గెలిచిన డానియెల్ స్మిత్‌కు ఏడు వేల ఓట్లు కూడా పడలేదు, అయినా 54 శాతం. ఆవిడ అప్పటికే ముఖ్యమంత్రి. పార్టీ నాయకురాలిగా ఎన్నికై అక్టోబర్ 11న ప్రమాణం చేశారు గానీ అసెంబ్లీలో సీటు లేదు. మా ఎమ్మెల్యే రాజీనామా చేసి సీటు ఖాళీ చేశారు. మన దగ్గర ఆరు నెలల్లో సభ్యులు కావాలని రాజ్యాంగమే చెబుతుంది. ఇక్కడ అలాంటి గడువు లేదు, కానీ సీటు లేకుండా ముఖ్యమంత్రిగా ఎక్కువ రోజులు ఉండటం పద్ధతి కాదంటారు. కాల్గరీలో అప్పటికే ఒక సీటు ఖాళీగా ఉన్నా పల్లె వైపే వచ్చారు. పార్టీకి గట్టి పట్టున్న చోటు కదా.

తక్కువమంది ఓటేసే చోట ఒక్కో మనిషి బరువు ఎక్కువ. నాకైతే ఆ నెలలో అది కళ్ళారా కనిపించింది.

అక్టోబర్ చివర్లో ఒక సాయంత్రం ఒక అభ్యర్థి మా తలుపు తట్టారు. పక్కన జనం లేరు, డప్పులు లేవు, తోడుగా ఒక పెద్దాయన మాత్రం ఉన్నారు. గాలి చెవులు కోసేస్తోంది, లోపలికి రమ్మన్నాను. చెప్పులు విప్పినట్టు బూట్లు విప్పి గుమ్మం దగ్గరే చాప మీద నిలబడ్డారు. ఏమైనా అడగాలా అన్నారు. అడిగాను. "నేను ఖమ్మంలో నర్సింగ్ చేసి వచ్చాను. ఇక్కడి లైసెన్స్ కోసం రెండున్నరేళ్ళు పట్టింది, ఆ రెండున్నరేళ్ళూ వృద్ధాశ్రమంలో ఆయాగా పనిచేశాను. ఇప్పటికీ నర్సులు ఇలాగే వచ్చి కాఫీ షాపుల్లో నిలబడుతున్నారు. మా వార్డులో రాత్రి షిఫ్టుకు మాత్రం మనుషులు చాలడం లేదు. దీనికి మీరేం చేస్తారు?" ఆ మనిషి జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. పెన్ను చలికి రాయలేదు. కోటు లోపల వెతికి పెన్సిల్ తీసి, నిలబడే రాసుకున్నారు. రెండున్నరేళ్ళు అన్న మాట కింద గీత గీశారు. వారం తిరక్కుండా వాళ్ళ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, ఏ పరీక్ష దగ్గర ఆలస్యమైంది, ఏ కాగితం కోసం ఎన్ని నెలలు ఆగారు అని వివరంగా అడిగారు. 2023 ఏప్రిల్‌లో అల్బర్టాలో నర్సింగ్ కాలేజీ, అంటే లైసెన్స్ ఇచ్చే సంస్థ, ఇండియా సహా కొన్ని దేశాల్లో చదివిన నర్సులకు దారి బాగా సులువు చేసింది. అది నా వల్ల జరిగిందని నేను అనను. కానీ ఆ మాట అడిగిన ఎంతోమందిలో నేనూ ఒకదాన్ని, అది నాకు చాలు.

అప్పటికి నాకు ఓటుంది. అయితే ఆ గుమ్మం దగ్గర నీకు ఓటుందా అని ఎవరూ అడగలేదు. మీరు భయపడాల్సింది ఓటు వేయడానికి, మాట్లాడటానికి కాదు. పీఆర్ ఉన్నవాళ్ళు అభ్యర్థుల సభలకు వెళ్ళొచ్చు, ప్రశ్న అడగొచ్చు, ఇష్టమైతే వాలంటీరుగా పనిచేయొచ్చు. పల్లెల్లో అభ్యర్థులందర్నీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి ప్రశ్నలడిగే సభలు పెడతారు. ఎక్కువగా కమ్యూనిటీ హాల్లోనే. మన మీటింగుల్లా దండలు, కేకలు ఉండవు, అందరూ వంతు వచ్చేదాకా కూర్చుంటారు. మొదటిసారి మీకు టెన్షన్‌గా ఉంటుంది, ప్రశ్న కాగితం మీద రాసుకుని వెళ్ళండి. బోర్డు మాత్రం తొందరపడి పెట్టుకోవద్దని నా సలహా. కొత్త ఊళ్ళో, అద్దె ఇంట్లో, ముందు ఓనర్‌ను అడగండి.

ఒక్కటి మాత్రం మనవాళ్ళు అందరూ తప్పు చేస్తారు. ఎమ్మెల్యే అభ్యర్థిని పట్టుకుని "నా పీఆర్ ఫైల్ ఎందుకు కదలడం లేదు, మా అమ్మానాన్నల సూపర్ వీసా ఏమైంది" అని అడుగుతారు. అది ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ పని, ఎంపీ ఆఫీసుకు వెళ్ళాలి. ఆసుపత్రి, డాక్టర్లు, హైవేలు, బడికి డబ్బు, వృత్తి లైసెన్సుల చట్టాలు, ఇవి ప్రావిన్స్‌వి. చెత్త బండి, మీ వీధిలో మంచు తీయడం టౌన్ కౌన్సిల్‌ది. ఒక్క చోట మాత్రం ఫెడరల్, ప్రావిన్స్ రెండూ కలుస్తాయి. బ్రూక్స్ లాంటి ఊళ్ళకు మనవాళ్ళను తెస్తున్న రూరల్ రెన్యువల్ స్ట్రీమ్ అనే వలస స్కీము ప్రావిన్స్‌ది, ముందు ఊరు సిఫార్సు చేయాలి, ఆ పైన ప్రావిన్స్ నామినేట్ చేయాలి. పీఆర్ ఇచ్చేది మాత్రం ఫెడరల్ వాళ్ళు. ఆ స్కీము గురించి ఎమ్మెల్యేను అడగడం న్యాయమే, మీ ఒక్క ఫైలు గురించి అడిగితే ఆయన చేతిలో ఏమీ ఉండదు.

ఇంకో చిన్న మాట, చాలామంది అడుగుతారు కాబట్టి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నంతవరకు అక్కడి ఓటు పోదు. ఫారం 6ఏ నింపి ప్రవాస ఓటరుగా నమోదు కావచ్చు, కాకపోతే పాస్‌పోర్ట్ పట్టుకుని స్వయంగా వెళ్ళి వేయాలి. కెనడా పౌరసత్వం తీసుకున్న రోజున ఇండియా పౌరసత్వం పోతుంది, ఆ తర్వాత ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డుతో ఓటు రాదు. నాకు ఆ రోజు మనసు బరువెక్కింది, దాచను.

మీరు ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ఎమ్మెల్యేకు నియోజకవర్గంలో ఆఫీసు ఉంటుంది, ముందుగా ఫోన్ చేసి టైము తీసుకోండి. మీ ఆవిడ చిన్నపిల్లల టీచరుగా చేశారని, సర్టిఫికెట్ కోసం తిరుగుతున్నారని ఉత్తరం చివర్లో రాశారు. ఆవిడనే తీసుకెళ్ళండి, ఆవిడ చేతనే అడిగించండి. ఏ తేదీన అప్లై చేశారు, ఏ జవాబు వచ్చింది అన్నది ఒక పేజీలో రాసి రెండు కాపీలు పట్టుకెళ్ళండి, ఒకటి వాళ్ళకిచ్చి రండి. వారం రోజుల్లో ఏం చెప్పారో నాకు రాయండి. వాళ్ళు ఏమీ చెప్పకపోతే అదీ రాయండి, తర్వాత ఎవర్ని అడగాలో చూద్దాం.