పొదుగువాపుకు పసుపు ఎంతవరకు పనిచేస్తుంది?

ప్రశ్న: మా ముర్రా గేదె ఈని నెల దాటింది. నిన్నటి నుంచి వెనుక ఎడమ చన్ను వాచి, ముట్టుకుంటే వేడిగా ఉంది. పాలలో పలుకులు పడుతున్నాయి. మేత బాగానే మేస్తోంది. ఇంట్లో పసుపు ఉంది, కలబందతో నూరి పూయమంటున్నారు. తగ్గుతుందా?
– ఒక పాడి రైతు, దుగ్గిరాల

జవాబు: మేత మానలేదు కాబట్టి వెంటనే మొదలుపెట్టండి. ఇది పొదుగువాపు తొలిదశ. పసుపు బాగా అక్కరకొచ్చేది ఇప్పుడే.

పసుపులో కర్కుమిన్ అనే పదార్థం ఉంటుంది. మామూలు కొమ్ముల్లో నూటికి 2 నుంచి 5 పాళ్లు. ఇది వాపును తగ్గిస్తుందని, ఈ జబ్బు తెచ్చే స్టాఫైలోకాకస్ సూక్ష్మజీవిని అడ్డుకుంటుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. కానీ కర్కుమిన్ నీళ్లలో దాదాపు కరగదు, తినిపిస్తే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. దాణాలో గుప్పెడు పసుపు కలిపేసి జబ్బు నయమవుతుందని కూర్చోకండి. పైపూతే మేలు.

జాతీయ పాడి అభివృద్ధి మండలి చెప్పే పాళ్లు ఇవి: కలబంద మట్టలు 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, తాంబూలంలో వేసుకునే సున్నం 15 గ్రాములు. మెత్తగా రుబ్బితే ముద్ద పారాణిలా ఎర్రబడుతుంది. సున్నం తగిలితే కర్కుమిన్ రంగు మారుతుంది, అంతే. ఎర్రబడలేదంటే సున్నం చచ్చిపోయిందన్నమాట, కొత్తది తెచ్చుకోండి. పసుపు మాత్రం మీ ఇంటి కొమ్ములే కొట్టించండి, బజారు పొడిలో రంగు కలిపి ఉండొచ్చు. గుప్పెడు ముద్దను గ్లాసు నీళ్లలో పలుచగా కలిపి, పొదుగు కడిగి, ఆ చన్ను పాలు పూర్తిగా పిండేశాక పొదుగంతా పూయండి. రోజుకు పది సార్లు, ఐదు రోజులు. విసుగనిపించినా తగ్గించొద్దు.

ఆ చన్ను పాలు నేలమీద పిండకండి, దూడను తాగనివ్వకండి. ఆ చన్నును అన్నిటికన్నా చివర పితకండి.

జ్వరం వచ్చినా, మేత మానినా, పాలు నీళ్లలా మారినా, రక్తం కనిపించినా పసుపును నమ్ముకుని ఆగొద్దు. అదే రోజు పశువైద్యుణ్ని పిలవండి. రెండు రోజుల్లో గుణం కనిపించకపోయినా అంతే. ఒక్కరోజు ఆలస్యానికి చన్ను ఎండిపోయిన గేదెలను చాలా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఇంజక్షన్ వేసేముందే పాల శాంపిల్ పరీక్షకు పంపమని అడగండి, ఏ మందు పనిచేస్తుందో తెలుస్తుంది. యాంటీబయాటిక్ మొదలుపెడితే కోర్సు మధ్యలో ఆపకండి. డాక్టరు చెప్పినన్ని రోజులు ఆ గేదె పాలు కేంద్రానికి పోయకండి.

పితికాక అరగంట సేపు చన్ను రంధ్రం తెరుచుకునే ఉంటుంది. గేదె వెంటనే పడుకోకుండా ఆ సమయంలో పచ్చిమేత వేయండి.