ఆపరేషన్ జరిగి రెండేళ్లు దాటింది, కేసు వేయవచ్చా?

ప్రశ్న: మేడమ్ గారూ, 2023 సెప్టెంబరు 12న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాకు సిజేరియన్ చేశారు. మత్తు సరిగా ఎక్కలేదు. కోస్తుంటే తెలుస్తోందని అరిచాను. “మొదటి కాన్పు కదా, భయం అంతే” అని కసిరి, చేతులు పట్టుకుని పని కానిచ్చారు. పాప బాగుంది, నా కుట్లూ మానాయి. కానీ అప్పటినుంచి స్పిరిట్ వాసన తగిలితే చాలు, ఒళ్లంతా చెమటలు. రాత్రుళ్లు కేక పెట్టి లేస్తున్నానని మా అత్తయ్య అంటారు. “బిడ్డ చక్కగా ఉంది, ఇంకా అదే తలుచుకుంటావేం” అనేదీ ఆవిడే. 2025 జులైలో మానసిక వైద్యుడికి చూపిస్తే పీటీఎస్‌డీ అన్నారు, అంటే భయానక అనుభవం తర్వాత మనసును వదలని జబ్బట. జబ్బని తెలిసింది జులైలోనే కాబట్టి గడువు అక్కడినుంచే లెక్క కదా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: అమ్మా, మీ ఉత్తరం అక్టోబరు చివర్లో అందింది. అప్పటికే గడువు దాటి నెల పైనే అయింది. ముందు ఆ చేదు మాట చెప్పేస్తాను, దారి తర్వాత చూద్దాం.

డబ్బు కట్టి చేయించుకున్న వైద్యం కాబట్టి మీరు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోని 69వ సెక్షన్ అందుకు రెండేళ్లు ఇస్తుంది. ఆ రెండేళ్లూ మొదలయ్యేది ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజున. మీకది ఆపరేషన్ టేబుల్ మీదే పుట్టింది. నొప్పి తెలిసింది, అరిచారు, వాళ్లు కసిరారు. మీ చేత్తో మీరే రాశారు. డాక్టరు ఆ బాధకు పేరు పెట్టింది జులైలో అయినా, ఎదుటి లాయరు పట్టుకునేది సెప్టెంబరు 12నే.

తర్వాత బయటపడే గాయాలకు వేరే లెక్క ఉన్నమాట నిజమే. 1993లో ఒక నర్సుకు పిత్తాశయం ఆపరేషన్ చేసి, కడుపులో గాజుగుడ్డ వదిలేశారు. అది బయటపడింది 2002లో. ఆమె 2004లో కేసు వేశారు. లోపల దాగి ఉన్న నష్టమైతే, రోగికి అది తెలిసిన రోజు నుంచి, లేదా మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగిన రోజు నుంచి గడువు లెక్కించాలని 2010లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. కానీ ఆమె కేసు మాత్రం నిలవలేదు. తొమ్మిదేళ్లు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చారే తప్ప, నర్సు అయి ఉండీ కారణం ఆరా తీయలేదన్నారు. ఆ తీర్పు నాకు కాస్త కఠినంగానే అనిపిస్తుంది. అందుకే మీ కేసంతా ఆ జులై తేదీ మీద ఆనించవద్దంటున్నాను.

మీకున్న గట్టి దారి ఆలస్యం మన్నింపు పిటిషన్. సరైన కారణం చూపిస్తే, ఆ కారణాన్ని రాతలో పెట్టి, గడువు దాటిన ఫిర్యాదును కూడా కమిషన్ తీసుకోవచ్చని అదే సెక్షన్ చెబుతోంది. మీ జబ్బే మీ కారణం. అయితే “డిప్రెషన్‌లో ఉన్నాను” అని ఒక్క ముక్క రాస్తే చాలదు. తెనాలి నుంచి ఒకావిడ ప్రిస్క్రిప్షన్లన్నీ బట్టల షాపు కవర్లో కుక్కి నా దగ్గరికి తెచ్చింది. మా క్లర్కూ నేనూ కింద కూర్చుని తేదీల వారీగా పేర్చుకునేసరికి సాయంత్రమైంది. ఆ వరసే ఆవిడ అఫిడవిట్ అయింది. ఏ నెలలో ఏ మందు, ఎప్పుడు ఆసుపత్రి గుమ్మందాకా వెళ్లి తిరిగొచ్చారు, ఎప్పుడు లాయరును కలిశారు, అంతా రాయండి. ఈలోగా లీగల్ నోటీసు ఇచ్చాం కదా అని నిమ్మళంగా కూర్చోకండి. నోటీసుతో గడియారం ఆగదు.

ఇంకో తొందర కూడా ఉంది. ఇన్‌పేషెంట్ల రికార్డులు వైద్యం మొదలైన నాటినుంచి మూడేళ్లు దాచాలని, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్లకు 2002 నాటి నియమావళి ఉంది. 2026 సెప్టెంబరు దాటితే మీ కేస్ షీట్ లేదన్నా అనగలరు. మత్తు ఎంత ఇచ్చారో, ఎప్పుడిచ్చారో ఉండేది అందులోనే. ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో అడగండి.

కమిషన్ ఆలస్యాన్ని మన్నించకపోతే సివిల్ కోర్టు ఉంది. నష్టపరిహారం దావాకు సాధారణంగా మూడేళ్లు. అక్కడ అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు పడుతుంది, పైగా దావా ఒక్కరోజు ఆలస్యమైనా మన్నింపు ఉండదు. కమిషన్‌లో అయితే ఆసుపత్రికి కట్టిన బిల్లు 5 లక్షల లోపు ఉంటే ఫీజే లేదు. మీరున్న జిల్లాలోనే వేసుకోవచ్చు.

శరీరానికి ఏమీ కాలేదుగా అని ఆసుపత్రి వాళ్లు తప్పక అంటారు. తప్పుడు ఇంజెక్షన్‌తో మెదడు దెబ్బతిన్న ఒక పిల్లాడి కేసులో, 1998లో సుప్రీంకోర్టు పిల్లాడికి ఇచ్చింది కాక, తల్లిదండ్రుల మనోవేదనకే విడిగా 5 లక్షలు నిలబెట్టింది. మానసిక వైద్యుడి సర్టిఫికెట్‌లో ఆపరేషన్‌కూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధం స్పష్టంగా రాయించుకోండి.

సాక్షిగా మీ వారిని పెడదామని అనుకుంటూ ఉంటారు. మీ అత్తగారిని అడగండి. రాత్రిపూట మీ కేకలకు లేచింది ఆవిడే కదా.