మెడలో క్యాథెటర్‌తోనే డయాలసిస్ కొనసాగించవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. 20 ఏళ్లుగా షుగర్ ఉంది. రెండు నెలలుగా మెడ దగ్గర రక్తనాళంలో గొట్టంలా పెట్టిన క్యాథెటర్‌తో డయాలసిస్ జరుగుతోంది. మణికట్టు దగ్గర వేసిన ఫిస్టులా పనికిరాలేదు. ఇప్పుడు మోచేయి దగ్గర వేద్దామంటున్నారు. ఈ వయసులో మళ్లీ ఆపరేషన్ అంటే టెన్షన్‌గా ఉంది. క్యాథెటర్‌తోనే నెట్టుకురావచ్చా?

జవాబు: మొదటి ఫిస్టులా పనిచేయకపోవడానికి వయసు ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఫిస్టులా అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా చేతిలోని ధమనిని సిరతో కలపడం. ధమని నుంచి రక్తం జోరుగా వస్తేనే సిర ఉబ్బి, గోడ మందమై, వారానికి మూడుసార్లు గుచ్చే సూదులను తట్టుకుంటుంది. చాలాకాలం షుగర్ ఉన్నవారికి ముంజేతి ధమనుల్లో కాల్షియం పేరుకుని అవి గట్టిపడతాయి. అప్పుడు ఆ జోరు రాదు. మోచేయి దగ్గర ధమని పెద్దది కాబట్టి మీ డాక్టర్ చెప్పింది సబబుగానే ఉంది. అయితే ముందు రెండు చేతులకూ రక్తప్రవాహం చూసే డాప్లర్ స్కాన్, గుండెకు ఎకో చేయించండి. ఈ ఆపరేషన్ మామూలుగా చేతికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తారు. వయసు చూసి భయపడకండి.

నాకు ఎక్కువ ఆందోళన క్యాథెటర్ గురించే. దాని ద్వారా ఇన్ఫెక్షన్ నేరుగా రక్తంలోకి చేరుతుంది, షుగర్ ఉన్నవారిలో అది త్వరగా ముదురుతుంది. ఎక్కువకాలం ఉంచితే ఛాతీలోని పెద్ద సిర సన్నబడవచ్చు. అప్పుడు ఆ వైపు చేయి వాస్తుంది, అక్కడ ఫిస్టులా వేసినా నిలవడం కష్టం. గుండె బాగా బలహీనంగా ఉన్నా, మరో తీవ్రమైన జబ్బు ఉన్నా క్యాథెటర్‌తోనే కొనసాగడం తప్పు కాదు. అది మీరు, నాన్నగారు, డాక్టర్ కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం.

ఫిస్టులా వాడకానికి రావడానికి కనీసం 6 నుంచి 8 వారాలు పడుతుంది, పెద్దవయసులో ఇంకా ఆలస్యం కావచ్చు. సిరలు బాగా లేకపోతే కృత్రిమ గొట్టంతో గ్రాఫ్ట్ వేస్తారు. దాన్ని సాధారణంగా 2, 3 వారాల్లో వాడొచ్చు, కానీ త్వరగా మూసుకుపోయే అవకాశం ఎక్కువ.

మోచేయి దగ్గర ఫిస్టులా వేశాక షుగర్ ఉన్నవారికి అరచేతికి రక్తం తగ్గిపోయే ప్రమాదం ఉంది. వేళ్లు చల్లబడినా, నొప్పి పెట్టినా, రంగు మారినా, పట్టు తగ్గినా ఆగకుండా సర్జన్‌కు చూపించండి. ఆలస్యమైతే వేళ్లే దెబ్బతింటాయి. ఆ చేతికి బీపీ చూడనివ్వకండి, రక్తం తీయనివ్వకండి, సెలైన్ పెట్టనివ్వకండి. రోజూ ఉదయం ఫిస్టులాపై వేళ్లు పెట్టి చూస్తే జుమ్మని అదురు తెలియాలి. అది ఆగిపోతే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

క్యాథెటర్ ఉన్నంతకాలం చలితో జ్వరం వస్తే జ్వరం మాత్ర వేసి ఇంట్లో ఉంచకండి. వెంటనే డయాలసిస్ సెంటర్‌కు ఫోన్ చేసి తీసుకెళ్లండి.