మీ ప్రశ్నలు – మా జవాబులు: ఈయూ వాకిట్లో ఉన్న దేశాలు ఎవరి మాట వింటాయి?

ఈసారి ఉత్తరాల్లో సగానికి పైగా యూరప్ మీదే. అశోక్‌నగర్ కోచింగ్ విద్యార్థుల సందేహాలు కొన్ని, అమీర్‌పేట కన్సల్టెన్సీలు చెప్పే మాటలు నమ్మొచ్చా అని అడిగినవి కొన్ని. యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో చేరాలని వరసలో ఉన్న దేశాలకు సంబంధించినవన్నీ ఒకచోట చేర్చాం.

ప్రశ్న: గ్రూప్-1కు చదువుతున్నాను. ఇంకా సభ్యులే కాని దేశాలు ఈయూ ఆంక్షలను ఎందుకు పాటిస్తాయి? అలా పాటించాలని చట్టం ఏదైనా ఉందా? – ఒక పాఠకురాలు, అశోక్‌నగర్

నేరుగా కట్టిపడేసే చట్టం లేదు. ఉన్నది సభ్యత్వ చర్చల షరతు. చర్చలు 35 చాప్టర్లుగా, అంటే అంశాలవారీగా సాగుతాయి. 30వది విదేశీ సంబంధాలు, అంటే ముఖ్యంగా వాణిజ్యం. 31వది విదేశాంగ, భద్రత, రక్షణ విధానం. 2020లో పద్ధతి మార్చినప్పుడు చాప్టర్లను గుంపులు చేసి, ఈ రెండింటినీ కలిపి ఆరో క్లస్టర్ అన్నారు. చేరే రోజుకల్లా అభ్యర్థి దేశం ఈయూ వైఖరితో పూర్తిగా కలిసిపోవాలి, అప్పటిదాకా కొంచెం కొంచెంగా దగ్గరవుతూ రావాలి. ఏ ఏడాదికి ఎంత దగ్గరవ్వాలో మాత్రం ఎక్కడా రాసి లేదు.

ఆచరణలో జరిగేది ఇదీ. 27 దేశాల మంత్రుల మండలి ఏకగ్రీవంగా ఒక నిర్ణయం తీసుకుంటుంది. ఫలానా వ్యక్తుల ఆస్తులు స్తంభింపజేయాలనో, ఫలానా దేశానికి ఆయుధాలు అమ్మకూడదనో. ఈయూ విదేశాంగ విభాగం దాన్ని అభ్యర్థి దేశాలకూ, నార్వే, ఐస్‌లాండ్ లాంటి దేశాలకూ పంపి, మీరూ కలుస్తారా అని అడుగుతుంది. సరేనన్న దేశాల పేర్లతో ఈయూ విదేశాంగ ప్రతినిధి ఒక ప్రకటన ఇస్తారు. తమ జాతీయ విధానాలు ఈ నిర్ణయానికి తగ్గట్టు ఉండేలా ఆ దేశాలు చూసుకుంటాయని అందులో ఒక వాక్యం ఉంటుంది. ఎవరి పేరు లేదో వాళ్లు కలవలేదని మనమే అర్థం చేసుకోవాలి. ఎందుకు కలవలేదన్నది ఆ కాగితం మీద ఉండదు. యూరోపియన్ కమిషన్ ఏటా విడుదల చేసే నివేదికలో మాత్రం ఎన్ని నిర్ణయాల్లో ఎన్నింటికి కలిశారో శాతం కట్టి చూపిస్తారు.

చిక్కు వచ్చేది దీని తర్వాతే. పేరు చేర్చడానికి విదేశాంగ శాఖ చాలు. అమలు చేయాలంటే దేశీయ చట్టం కావాలి, బ్యాంకులకు ఆదేశాలు వెళ్లాలి, కస్టమ్స్ వాళ్ల చేతికి జాబితా అందాలి. బోస్నియా–హెర్జెగోవినా కాగితం మీద దాదాపు అన్నిటికీ కలుస్తుంది. రష్యా ఆంక్షల అమలు దగ్గరికి వచ్చేసరికి ఆ దేశంలోనే సెర్బులు ఎక్కువగా ఉన్న స్వయంపాలిత భాగం రిపబ్లికా సర్ప్‌స్కా నాయకులు అడ్డం తిరుగుతారు.

ప్రశ్న: "ముందు సెర్బియా వెళ్లండి, అక్కడి నుంచి యూరప్ సులువు" అని మా తమ్ముడికి ఒక ఏజెంట్ చెబుతున్నాడు. ఒకప్పుడు వీసా కూడా అక్కర్లేదట కదా? – ఒక పాఠకుడు, అమీర్‌పేట

అక్కర్లేకపోవడం నిజమే, ఆ రోజులు పోయాయి. 2017 సెప్టెంబర్ నుంచి భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారు వీసా లేకుండా 30 రోజులు సెర్బియాలో ఉండగలిగేవారు. 2023 జనవరి 1తో ఆ సౌకర్యం రద్దయింది. దీని వెనక ఉన్నది ఈయూ ఒత్తిడే. విమానంలో సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో దిగి, దొంగదారిన హంగరీ మీదుగా ఆస్ట్రియా చేరి ఆశ్రయం కోరేవాళ్లు 2022లో బాగా పెరిగారు. మీ వీసా విధానం మా దానితో సరిపోవాలని బ్రస్సెల్స్‌లోని ఈయూ పట్టుబట్టింది. ట్యునీషియా, బురుండీలతో మొదలుపెట్టి, తర్వాత మన వంతు తెచ్చారు.

పట్టుబట్టగానే సెర్బియా ఎందుకు దిగివచ్చిందో చూడండి. సెర్బియన్లు 2009 డిసెంబర్ నుంచి షెంగెన్ దేశాలకు (ఒకే వీసాతో అన్నిటా తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) వీసా లేకుండా వెళ్తున్నారు. ఆ సౌకర్యాన్ని తాత్కాలికంగా ఆపే అధికారం ఈయూకు ఉంది, దానికి సభ్య దేశాలన్నీ ఏకగ్రీవం కానక్కర్లేదు. ఆపితే దెబ్బ మర్నాడే సామాన్యుడికి తగులుతుంది. మనవాళ్లకు వీసా పెట్టడం వల్ల బెల్‌గ్రేడ్‌కు పోయేది పెద్దగా లేదు. అదే రష్యా, చైనా పౌరులకు ఇచ్చిన మినహాయింపు జోలికి మాత్రం పోలేదు. ఆ రెండు దేశాలతో అవసరాలు వేరు.

ఇక మీ తమ్ముడి సంగతి. సెర్బియా షెంగెన్‌లో లేదు. సెర్బియా వీసా పట్టుకుని హంగరీ, క్రొయేషియా, రొమేనియా, బల్గేరియాల్లో వేటిలోకీ అడుగు పెట్టలేరు. ఈ నాలుగూ ఇప్పుడు షెంగెన్ దేశాలే. క్రొయేషియా చేరింది కూడా సరిగ్గా 2023 జనవరి 1నే. చెల్లుబాటయ్యే షెంగెన్, బ్రిటన్ లేదా అమెరికా వీసా ఉన్న భారతీయులను సెర్బియా విడిగా వీసా అడగకుండా రానిస్తుంది. అంటే దారి అటు నుంచి ఇటు ఉంది తప్ప ఇటు నుంచి అటు లేదు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనే ముందు సెర్బియా విదేశాంగ శాఖ సైటు చూసుకోండి. డబ్బు మాత్రం ఆ ఏజెంటు చేతిలో పెట్టకండి.

ప్రశ్న: రష్యా మీద సెర్బియా ఆంక్షలు పెట్టలేదు. అయినా ఈయూ దాన్ని వరసలోంచి ఎందుకు తీసేయలేదు? – ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

తీసేస్తే చేతిలో ఉన్న పట్టు కూడా పోతుంది, అందుకని. సెర్బియా చర్చలు 2014 జనవరిలో మొదలయ్యాయి. 35 చాప్టర్లలో 22 తెరిచారు, రెండు తాత్కాలికంగా ముగించారు. 31వ చాప్టర్ తెరవనే లేదు. 2021 డిసెంబర్‌లో ఒక క్లస్టర్ తెరిచాక బండి ఏళ్లపాటు అక్కడే ఆగింది. శిక్ష అంటూ ఉంటే అదే.

బెల్‌గ్రేడ్ లెక్క కొసావోతో మొదలవుతుంది. 2008లో స్వాతంత్ర్యం ప్రకటించుకున్న కొసావో ఐక్యరాజ్యసమితిలో చేరకుండా ఉండటానికి భద్రతా మండలిలో రష్యా వీటో సెర్బియాకు కావాలి. పైగా గ్యాస్ రష్యాదే. ఆంక్షలు పెడితే ఈ నష్టాలు వెంటనే కనిపిస్తాయి. సభ్యత్వం ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు.

అలాగని పూర్తిగా రష్యా పక్షమూ కాదు. 2022 మార్చి 2న ఉక్రెయిన్ మీద దాడిని ఖండిస్తూ ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో పెట్టిన తీర్మానానికి 141 దేశాలు ఓటేశాయి. వాటిలో సెర్బియా ఉంది. మన దేశం సహా 35 దేశాలు ఓటింగ్‌కు దూరంగా ఉన్నాయి. మరుసటి నెల మానవ హక్కుల మండలి నుంచి రష్యాను సస్పెండ్ చేసే తీర్మానానికీ సెర్బియా అనుకూలంగానే ఓటేసింది. ఖర్చు లేని ఓటు ఈయూకు వేసి, ఖర్చయ్యే ఆంక్షలను పక్కన పెట్టింది. పాము చావకుండా, కర్ర విరగకుండా అంటామే, అదే విద్య.

అటువైపు ఈయూ కూడా ఒక్క మాట మీద లేదు. కొసావోను స్పెయిన్, గ్రీస్, రొమేనియా, స్లొవేకియా, సైప్రస్ గుర్తించవు. 2024 జులైలో సెర్బియా లిథియం కోసం ఈయూ ఒప్పంద పత్రం రాసుకుంది. ఆగస్టులో ఫ్రాన్స్ 12 రఫేల్ విమానాలు అమ్మింది. ఇన్ని అవసరాలు పెట్టుకుని గట్టిగా గద్దించడం ఎవరివల్ల అవుతుంది?

ప్రశ్న: టర్కీకి యంత్ర విడిభాగాలు పంపుతుంటాం. భారత్–ఈయూ వాణిజ్య ఒప్పందం అమల్లోకి వస్తే టర్కీలోనూ సుంకం తగ్గుతుందా? – ఒక పాఠకుడు, బాలానగర్

ఇక్కడి నుంచి నేరుగా పంపే సరుకుకు తగ్గదు. టర్కీ ఈయూ సభ్య దేశం కాదు కాబట్టి ఆ ఒప్పందంలో భాగస్వామి కాదు. అయితే 1996 నుంచి ఈయూతో కస్టమ్స్ యూనియన్‌లో ఉంది. పారిశ్రామిక వస్తువుల మీద బయటి దేశాలకు వేసే సుంకాన్ని ఈయూ పట్టికకు సరిపెట్టుకోవాలి. ఈయూలో ఒకసారి కస్టమ్స్ దాటిన సరుకు ఏ.టీఆర్ అనే పత్రంతో టర్కీకి వెళ్లొచ్చు. వ్యవసాయ ఉత్పత్తులకు ఇది వర్తించదు. ఈ దారిని నమ్ముకుని ధర కోట్ చేసే ముందు ఒకటి గమనించండి. కొన్ని వస్తువుల మీద టర్కీ తయారీ దేశాన్ని బట్టి అదనపు సుంకం వేస్తుంది. అలాంటప్పుడు ఏ.టీఆర్ ఉన్నా మూలం రుజువు చూపమంటారు. మీ వస్తువు కోడ్ పెట్టి అక్కడి కస్టమ్స్ బ్రోకర్‌ను ముందే అడగండి.

టర్కీ గోడు కూడా ఇక్కడే ఉంది. ఈయూ ఎవరితో ఒప్పందం చేసుకున్నా ఆ దేశపు సరుకు టర్కీలోకి దారి చేసుకుంటుంది. టర్కీ సరుకుకు ఆ దేశంలో రాయితీ దానంతటది రాదు, విడిగా బేరమాడుకోవాలి. సంతకం పెట్టే బల్ల దగ్గర మాత్రం కుర్చీ లేదు. సెర్బియాకు ఈ కట్టడి లేదు కాబట్టే చైనాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం చేసుకుని 2024 జులై 1 నుంచి అమలు చేస్తోంది. ఈయూలో చేరే రోజున దాన్ని రద్దు చేసుకోక తప్పదు.

ప్రశ్న: అభ్యర్థి దేశాల మీద ఈయూ ప్రభావం గురించి మెయిన్స్‌లో రాయాలంటే ఈ శాతాలను ఎలా వాడాలి? – ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జాగ్రత్తగా వాడాలి. ఈయూ విదేశాంగ నిర్ణయాలకు కలవడంలో మాంటెనెగ్రో, అల్బేనియా, ఉత్తర మాసిడోనియా నూటికి నూరు. సెర్బియా సగం చుట్టూ. టర్కీ ఇటీవలి నివేదికల్లో పది శాతానికి మించడం లేదు. చూడగానే మొదటి మూడింటినీ ఈయూ దారికి తెచ్చిందనిపిస్తుంది. ఆ మూడూ నాటోలో చేరిన దేశాలు, పశ్చిమం వైపు ఎప్పుడో తేల్చుకున్నాయి. టర్కీ 1952 నుంచి నాటోలోనే ఉంది, కాబట్టి నాటో ఒక్కటే కారణమని రాసినా తప్పవుతుంది. టర్కీ చర్చలు 2005లో మొదలయ్యాయి. ఈయూ సభ్య దేశమైన సైప్రస్ ఓడలకు రేవులు తెరవనందుకు 2006లో ఎనిమిది చాప్టర్లను ఈయూ ఆపేసింది. సభ్యత్వం రాదని ఖాయమయ్యాక కలవడానికి కారణమూ సన్నగిల్లింది.

శాతం లెక్కలో చిన్న నిర్ణయానికీ పెద్ద నిర్ణయానికీ ఒకే విలువ. 2021లో 60 పైన ఉన్న సెర్బియా శాతం 2022లో 50 లోపుకి పడిపోయింది. సెర్బియా మారలేదు, ఆ ఏడాది రష్యా మీద నిర్ణయాలు కుప్పలుగా వచ్చి లెక్కలో కిందనున్న సంఖ్య పెరిగింది.

ఈయూలోనే చీలిక వస్తే కలవడానికి వైఖరే ఉండదు. ఇరాక్ యుద్ధానికి ముందు, 2003 ఫిబ్రవరిలో పది తూర్పు యూరప్ దేశాలు అమెరికాను సమర్థిస్తూ ప్రకటన ఇచ్చాయి. నోరు మూసుకుని కూర్చునే మంచి అవకాశాన్ని పోగొట్టుకున్నారని ఫ్రాన్స్ అధ్యక్షుడు షిరాక్ మండిపడ్డారు. ఆ పదింటిలో ఐదు 2004 మే 1న ఈయూ సభ్యులయ్యాయి. గ్రీస్‌ను ఒప్పించడానికి దేశం పేరే మార్చుకున్న ఉత్తర మాసిడోనియాను మాత్రం 2019 అక్టోబర్‌లో ఫ్రాన్స్, మరుసటి ఏడాది నవంబర్‌లో బల్గేరియా సభ్యత్వ చర్చలు మొదలుకాకుండా ఆపాయి. ఈ రెండు ఉదాహరణలూ పక్కపక్కనే పెట్టి రాయండి, మార్కులు శాతాల కంటే వీటికే పడతాయి.