గరాజ్‌లో పాత పెయింట్ రిమూవర్: వాడొచ్చా?

అమెరికాలో మీ గరాజ్‌లో 2015 నాటి పెయింట్ రిమూవర్ డబ్బా దొరికిందని, ఒకప్పుడు షాపులో అమ్మినదే కాబట్టి బాత్‌టబ్ రంగు తీయడానికి వాడొచ్చా అని అడిగారు. వద్దండీ. డబ్బా మీద మెథిలీన్ క్లోరైడ్ అని గానీ, డైక్లోరోమీథేన్ అని గానీ, 75-09-2 అనే నంబర్ గానీ ఉందేమో చూడండి. మూడూ ఒకే రసాయనం పేర్లు, ఉంటే అస్సలు వాడకండి.

షాపులో అమ్మారంటే ప్రభుత్వం పరీక్షించినట్టే అనుకుంటాం. కానీ అలా కాదు. రసాయనాలను నియంత్రించే 1976 నాటి అమెరికా చట్టం వచ్చేనాటికే వాడుకలో ఉన్న సుమారు 62,000 రసాయనాలను అలాగే కొనసాగనిచ్చారు. 2016లో చట్టాన్ని సవరించాకే ఈపీఏ (అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ) వాటిని వరసగా మదింపు చేయడం తప్పనిసరి అయింది. ఖర్చు సంగతి పక్కనపెట్టి, ఆరోగ్యానికి ముప్పు ఉందా లేదా అన్నదే ముందు తేల్చాలి. అలా మదింపుకు ఎంచుకున్న మొదటి పది రసాయనాల్లో మెథిలీన్ క్లోరైడ్ ఒకటి. ఇళ్లలో వాడే పెయింట్ రిమూవర్లలో దీని అమ్మకం 2019లోనే ఆపారు, 2024లో మిగతా గృహ వాడకాలనూ నిషేధించారు. ఇన్నేళ్లు పట్టడం నాకైతే మింగుడుపడదు.

బాత్‌టబ్ అన్నారు కాబట్టే నాకు టెన్షన్. దీని ఆవిరి గాలికన్నా బరువు, తొట్టిలోనే పేరుకుంటుంది. ఒంట్లోకి వెళ్తే కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. ఈ పని చేస్తూ అక్కడికక్కడే చనిపోయినవాళ్లున్నారు. మామూలు రబ్బరు గ్లవ్స్ దీన్ని ఆపవు, మాస్కూ అంతే.

డబ్బా మూత తీయకండి, సింకులో పారబోయకండి. మీ కౌంటీలో ఇళ్ల ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇచ్చేయండి. రంగు తీయడానికి బెంజైల్ ఆల్కహాల్ రకం చూడండి, కాస్త నెమ్మది. దానికీ కిటికీలు తెరవాల్సిందే.