పెళ్లి సామాను ఇంట్లో చేసుకోవడం: ఒక్క లేసు రోలుతో అడ్డుతెర, బుట్ట, బోండాం

మే నెలలో విశాఖలో పెళ్లి, అడ్డుతెర నుంచి గాజుల దాకా ఇంట్లోనే చేసుకుంటే నిజంగా ఖర్చు తగ్గుతుందా, ఏవి చేసుకోవచ్చు, ఏవి కొనుక్కోవాలి అని అడిగారు. తగ్గుతుంది. కాకపోతే ఒక్కో వస్తువుకీ విడివిడిగా సామాను కొంటే తగ్గదు. సగం లేసు, సగం పూసల పొట్లం, నాలుగు రంగుల దారపు ఉండలు మిగిలిపోయి అటకెక్కుతాయి. అందుకే బజారుకు వెళ్లకముందే అన్ని వస్తువుల కొలతలూ ఒకే కాగితం మీద రాసి, అన్నిటికీ ఒకే లేసు, రెండే రంగులు అనుకోండి.

లేసు లెక్క చూడండి. టోకున అమ్మే రోలు మామూలుగా 9 మీటర్లుంటుంది. అడ్డుతెర చుట్టూ, మడతలు పోను, 5.7 మీటర్లు పడుతుంది. 30 అంగుళాల బుట్ట అంచుకు 2.4 మీటర్లు, బోండాం నడుం చుట్టూ 60 సెంటీమీటర్లు. మొత్తం 8.7. మిగిలిన 30 సెంటీమీటర్లు అతుకుల్లో పోతాయి. ఇదే మీటర్ల లెక్కన మూడుసార్లు కొంటే ధరా ఎక్కువే, రంగూ కలవదు. పూర్ణా మార్కెట్, కురుపాం మార్కెట్ వీధులు ఒకదానికొకటి దగ్గరే కాబట్టి ఒక్క పూటలో రెండూ తిరిగి ధర పోల్చుకోవచ్చు. పూసలు, కుందన్లు పొట్లాల్లో కాకుండా తూకానికి అడగండి.

అన్నిటికన్నా ముందు అడ్డుతెర కుట్టండి. 44 అంగుళాల పన్నా ఉన్న కాటన్ సిల్కు, తెలుపో లేత పసుపో, 2 మీటర్లు చాలు. పన్నాయే తెర ఎత్తు అవుతుంది, అతుకు రాదు. జీలకర్ర బెల్లం పెట్టేదాకా ఒకరికొకరు కనపడకూడదు కదా, నెట్టు, ఆర్గంజా ఎంత అందంగా ఉన్నా వాటి జోలికి వెళ్లొద్దు. వెనక నుంచి వీడియో లైటు పడితే మొహం తెలిసిపోతుంది. కొనేటప్పుడే గుడ్డను వెలుతురుకు పట్టి చూడండి. వెనక తెల్ల కాటన్ అస్తరు వేస్తే నీడా ఆగుతుంది, కుట్టు ముడులూ కనపడవు. ముందుగా గుడ్డను తడిపి గంజి పోగొట్టాలి. గంజి ఉంటే ఫ్యాబ్రిక్ రంగు పైపైనే నిలిచి, మడత పెట్టినచోట పగులుతుంది. నడుమ స్వస్తిక, పైన శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు రాసి, ఒక రోజంతా ఆరాక వెనక వైపు నుంచి ఇస్త్రీ చేయండి.

ఇంట్లో చేసిన తెరలు ఎక్కువగా చెడేది పట్టుకున్నప్పుడు. నడుమ బరువుకి పై అంచు జోలెలా వేలాడుతుంది. పై మడతలో బక్రం (బిరుసైన అస్తరు గుడ్డ) పట్టీ పెట్టి కుట్టండి. రెండు పక్కలా 2 అంగుళాల గొట్టంలా మడిచి, అందులో 4 అడుగుల సన్నని పీవీసీ పైపు ముక్కలు దూర్చండి. కర్రలకన్నా తేలిక, పట్టుకున్నవాళ్ల చేతులు లాగవు. బరువైన పూసలు కింది అంచుకే పెట్టండి, తెర నిటారుగా దిగుతుంది.

ఇక జిగురు. విశాఖ గాలిలో తేమకి అన్నీ దీని దగ్గరే తేడా కొడతాయి. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు పైకి ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది. కనీసం ఒక రోజు ఫ్యాను కింద విడివిడిగా పరిచి ఉంచండి, ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు. గ్లూ గన్ పని తొందరగా తెములుతుంది గానీ, అతికిన వస్తువుల్ని ఎండలో నిలబెట్టిన కారులో వదిలేస్తే మెత్తబడి ఊడతాయి. క్షణంలో పట్టే చుక్క జిగురు అసలు వద్దు. తేమలో కుందన్ల చుట్టూ తెల్లటి పొర కడుతుంది. నూలు గుడ్డ మీదో దూది మీదో ఒలికితే ఒక్కసారిగా వేడెక్కి చెయ్యి కాలుతుంది. ఒంటి మీద పెట్టుకునే వస్తువేదైనా సరే, జిగురు కన్నా సూదీ దారమే నమ్మకం.

కొబ్బరి బోండాం పచ్చితొక్క నున్నగా ఉంటుంది, జిగురు నిలవదు. పైగా రోజులు గడిస్తే కాయ ఎండి చిక్కుతుంది. కాబట్టి అలంకరణ కాయ మీద కాదు, తొడుగు మీద చేయండి. 65 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గుడ్డను గొట్టంలా కుట్టి, పైనా కిందా ఎలాస్టిక్ వేయండి. కుందన్లు, పూసలు తీరిగ్గా కుట్టుకోండి. లేసు సాగదు కాబట్టి దాని కొసలు వదిలేసి, తొడుగు వేశాక పిన్నుతో కలపాలి. కాయ పెళ్లికి ముందు రోజు కొంటే సరిపోతుంది. పెళ్లికూతురు చేత్తో పట్టుకోవాలి, చిన్నది, తొడిమ గట్టిగా ఉన్నది ఏరండి.

బుట్ట మాత్రం అలంకరణ దుకాణాల్లో దొరికే పల్చటిది కొనకండి. మేనమామలు అమ్మాయిని కూర్చోబెట్టి మోస్తారు. మేదరివాళ్ల దగ్గర మందం బద్దలతో, అడుగున అడ్డబద్దలు వేయించి అల్లించుకోండి. తెచ్చాక ఇంట్లో బరువైన మనిషిని కూర్చోబెట్టి ఎత్తి చూడాలి. అంచున చేతులు పట్టే నాలుగు చోట్లా పూసలు, పిన్నులు పెట్టొద్దు, అక్కడ ఉత్త గుడ్డ చుట్టండి.

బాసికాలకు మందపాటి అట్ట కత్తిరించి, వెనక మెత్తని నూలు గుడ్డ అతికించి, ముందు ముత్యాలు కుట్టాలి. 4 అంగుళాలు దాటితే బరువుకి కనుబొమల మీదకి జారుతుంది. తాడు అట్టకు చిల్లు పెట్టి కడితే ముడి బిగించేటప్పుడు అట్ట చిరుగుతుంది. వెనక అడ్డంగా నూలు టేపు కుట్టి, తాళ్లు దానికి కట్టండి. తాళ్లు పసుపు నూలువే ఉండాలి. శాటిన్ రిబ్బను ముడి చెమటకి జారుతుంది, హోమం దగ్గర అది మంచిదీ కాదు.

దారం గాజుల్లో అందరూ తప్పేది సైజు దగ్గరే. 2.6 అంటే 2 అంగుళాల మీద పదహారింట ఆరు వంతులు, లోపలి వ్యాసం సుమారు 60 మిల్లీమీటర్లు. దారం చుట్టాక లోపల దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. ఎండాకాలం చేతులు కొద్దిగా ఉబ్బుతాయి కూడా. 2.6 వేసుకునేవాళ్లకి 2.8 ప్లాస్టిక్ గాజు తీసుకోండి. పదిహేను, ఇరవై పోగులు కలిపి, మెలిపడకుండా పక్కపక్కనే పరుస్తూ చుట్టాలి. జిగురు మొదట్లోనూ చివర్లోనూ, మధ్యలో అంగుళానికో చుక్క, అదీ లోపలి వైపే. ఎక్కువైతే దారం మీద నల్లటి మరక తేలుతుంది. చవక లోహపు గొలుసులు ఈ సముద్రపు గాలికి నల్లబడతాయి, వాటి బదులు జరీ దారం చుట్టండి.

పూలజడ పువ్వులతో అయితే ముందు రాత్రి పనే. జడ పొడవునా రెండు పొరల బక్రం పట్టీ, పైన 3 అంగుళాలు, కింద ఒకటిన్నర వెడల్పుతో కత్తిరించి, మొగ్గల్ని వరసలుగా కుట్టి, తడి గుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. డీప్ ఫ్రిజ్‌లో పెడితే నల్లబడతాయి. జడకుప్పెలు, కర్పూర దండలు కొనుక్కోవడమే మేలు, శ్రమకి తగ్గ ఆదా వాటిలో లేదు.

తలంబ్రాల బియ్యానికి పసుపుతో పాటు చెంచా నెయ్యి రాయండి, నీళ్లు తగలనివ్వకండి, ముద్దకడుతుంది. అందులో రంగు థర్మోకోల్ గుళికలు, ముత్యాలు కలపొద్దు. బీచ్ రోడ్డు వైపు ఆరుబయట పెళ్లయితే గుళికలు గాలికి కొట్టుకుపోయి కళ్లలో పడతాయి, ముత్యాలు కాళ్లకింద జారతాయి. బియ్యం, కొన్ని గులాబీ రేకులు చాలు.