నిలదీయాలంటే ముందు వాళ్ల కాగితం చదువు: మనవరాలికి ఓ లేఖ

బుజ్జీ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. యుద్ధాల మీద, వాతావరణం మీద ప్రభుత్వాల్ని నిలదీసే ర్యాలీకి వెళ్లి వానలో తడిశానని, ఎంపీకి రెడీమేడ్ ఈమెయిల్ కొడితే అంతకన్నా రెడీమేడ్ జవాబు వచ్చిందని, చివర్లో "అమ్మమ్మా, ఇంత పెద్ద ప్రభుత్వాలని మనలాంటి వాళ్లు ఏం చేయగలరు" అని విసుగు. ఫోన్లో చెప్దామంటే నీ సిగ్నలూ నా చెవులూ రెండూ సహకరించవు, అందుకే రాస్తున్నాను. బ్రిటన్‌లోని లీడ్స్‌లో నువ్వున్నట్టే వేరేచోట్ల ఉన్న మన పిల్లలు కొందరు ఇదే మాట అడుగుతున్నారు కాబట్టి అందరికీ కనబడేలా పెడుతున్నాను, ఏమీ అనుకోకు.

నా ఉద్యోగమంతా ఆడిట్లో గడిచింది, ఆ సంగతి నీకు తెలుసు. ఎదురుగా కూర్చున్న ఆఫీసరు ఎంత పెద్దవాడైనా మేం గొంతు పెంచేవాళ్లం కాదు. జీపు లాగ్‌బుక్ ఒకటి, డ్రైవర్ సెలవుల రిజిస్టరు ఒకటి తెప్పించి పక్కపక్కన పెట్టుకునేవాళ్లం. జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న రోజున డ్రైవర్ మూడు జిల్లాలు తిరిగినట్టు లాగ్‌బుక్కులో ఉంటే ఇక మేం మాట్లాడాల్సిన పనే లేదు, ఆ రెండు పుస్తకాలే మాట్లాడతాయి. యుద్ధం చేసే ప్రభుత్వం దగ్గరైనా, పొగ (కర్బన ఉద్గారాల) లెక్కలు దాచే ప్రభుత్వం దగ్గరైనా నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే.

నువ్వున్న దేశం సంగతే తీసుకో. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దని లండన్లో లక్షల మంది రోడ్డెక్కారు. అయినా మార్చి 18న పార్లమెంటు 412-149 ఓట్లతో సరేనంది, రెండ్రోజుల్లో బాంబులు పడ్డాయి. ఇది చెప్పి నిన్ను నీరుగార్చాలని కాదు, ఆ రోజుల్లోనే ఇంకో సంగతి జరిగింది, దాన్ని చూడమంటున్నాను. అప్పటి ప్రధాని బ్లెయిర్ ప్రభుత్వం ఫిబ్రవరి మొదట్లో విలేకరులకి ఒక పత్రం పంచింది, ఇరాక్ అధ్యక్షుడు సద్దాం నిఘా వ్యవస్థ మీద మా గూఢచారుల సమాచారం అంటూ. ఫిబ్రవరి 5న ఐక్యరాజ్యసమితిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్ దాన్ని మెచ్చుకున్నాడు కూడా. కేంబ్రిడ్జ్‌లో గ్లెన్ రంగ్వాలా అనే లెక్చరర్ ఆ పత్రం చదువుతుంటే, ఇదెక్కడో చదివానే అనిపించింది. తీరా చూస్తే అందులో చాలా భాగం ఒక పరిశోధక విద్యార్థి రాసిన వ్యాసంలోంచి ఎత్తి రాసింది, అచ్చుతప్పులతో సహా! మార్చిన చోట్లు చూడు: "విదేశీ దౌత్య కార్యాలయాలపై ఓ కన్నేసి ఉంచడం" అని విద్యార్థి రాస్తే పత్రంలో "గూఢచర్యం" అయింది, "ప్రతిపక్ష వర్గాలకు సాయం" అన్నది "ఉగ్రవాద సంస్థలకు మద్దతు" అయింది. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చదివిన ఓపిక అంతే. మర్నాటికి అది టీవీ వార్త. అంతకు ముందు సెప్టెంబరులో వదిలిన పత్రంలో 45 నిమిషాల్లో ఇరాక్ రసాయన, జీవాయుధాలు ప్రయోగించగలదన్న మాట ఎంత గోల చేసిందో, అది యుద్ధభూమిలో మాత్రమే వాడే ఆయుధాల గురించని తర్వాత ఎంత నెమ్మదిగా బయటికొచ్చిందో కూడా ఖాళీ దొరికినప్పుడు చదువు.

యుద్ధం ఆగలేదు కదా అంటావు. ఆగలేదు. బాధ్యులెవరూ జైలుకి వెళ్లలేదు కూడా, అది నాకూ మింగుడుపడదు. కానీ ఆ కాగితాలే పోగుపడి పోగుపడి బ్రిటన్ ఇరాక్ యుద్ధంలోకి ఎలా దిగిందో తేల్చే చిల్‌కాట్ విచారణ దాకా వచ్చాయి. అది 2009లో మొదలై 2016 జులై 6న 12 సంపుటాలుగా బయటపడింది, ఆయుధాల ముప్పును చెప్పిన తీరులో ఉన్నంత ధీమాకు ఆధారాలు లేవని అందులో తేల్చేశారు. మధ్యలో 2013 ఆగస్టులో సిరియా మీద దాడికి ప్రభుత్వం అడిగితే పార్లమెంటు 285-272తో కాదంది. ఇరాక్ చేదు ఎంపీల నాలుక మీద ఇంకా ఉండబట్టే అలా జరిగిందని నా అభిప్రాయం.

అందుకని మొదటి మాట. "ప్రభుత్వం అబద్ధాలు చెబుతోంది" అనకు. ఏ తేదీన, ఎవరు, ఏ వాక్యం అన్నారో పట్టుకో. ఆ పేజీ సేవ్ చేసుకో, ఎందుకంటే వెబ్‌సైట్లో పేజీలు మారిపోతాయి, మాయమైపోతాయి. ఆ వాక్యానికి మూలం ఏమిటో వెతుకు. టీవీలో ఏడ్చిన సాక్షి ఎవరో, ఆ సాక్షిని తెచ్చిందెవరో చూడు. 1990 అక్టోబరులో నయిరా అనే పదిహేనేళ్ల అమ్మాయి కువైట్ ఆసుపత్రిలో ఇరాక్ సైనికులు పసికందుల్ని ఇంక్యుబేటర్లలోంచి తీసేశారని అమెరికా ఎంపీల ముందు ఏడుస్తూ చెప్పింది. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, ఆ కార్యక్రమం వెనక హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచారం చేసిపెట్టే (పీఆర్) కంపెనీ ఉందని లోకానికి తెలిసేసరికి 1992 జనవరి, అప్పటికి కువైట్ కోసం ఇరాక్ మీద అమెరికా చేసిన గల్ఫ్ యుద్ధం అయిపోయి ఏడాది కావస్తోంది. కాబట్టి మనసు కదిలినప్పుడే ఇంకాస్త జాగ్రత్త. నీకు నచ్చిన పక్షం వాళ్లు పంపిన వీడియోకి కూడా ఇదే రూలు.

ఇక కర్బన లెక్కలు. నిజానికి నీకు ఇక్కడ పని బాగా దొరుకుతుంది, ఎందుకంటే ఇవి అంకెలు, అంకెలు కలిపితే కలవాలి. బ్రిటన్ 2021లో నెట్ జీరో (గాల్లోకి వదిలే కర్బనం, తీసేసే కర్బనం సమానం చేయడం) ప్రణాళిక అని అట్టహాసంగా విడుదల చేసింది. ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్, క్లయింట్‌ఎర్త్, గుడ్ లా ప్రాజెక్ట్ అనే సంస్థలు కోర్టుకెళ్లి తవ్వితే ఏం తేలిందంటే, 2033-37 కాలానికి తగ్గించాల్సినదాంట్లో అధికారులు లెక్కగట్టిన చర్యలన్నీ కలిపినా సుమారు 95 శాతానికే వస్తున్నాయి. మిగతా 5 శాతం సంగతి పార్లమెంటుకి చెప్పలేదు. చూశావా, ఇది అచ్చంగా మేం రాసే ఆడిట్ అభ్యంతరం! 2022 జులై 18న హైకోర్టు ఆ ప్రణాళిక చట్టవిరుద్ధమంది. మర్నాడే ఆ దేశంలో మొదటిసారి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటింది (మన విజయవాడ వాళ్లకి నవ్వొస్తుంది గానీ, ఫ్యాన్లు కూడా లేని ఇళ్లవి). సవరించి తెచ్చిన రెండో ప్రణాళికనీ 2024 మేలో కోర్టు తప్పుపట్టింది.

యుద్ధమూ పొగా కలిసేచోటు ఒకటుంది, నీ వయసు వాళ్లు అక్కడ కూర్చోవాలని నా కోరిక. 1997లో ఉద్గారాలు తగ్గించే క్యోటో ఒప్పందం చర్చలప్పుడు అమెరికా పట్టుబట్టి సైన్యానికి మినహాయింపు తెచ్చింది, ఐక్యరాజ్యసమితి పేరుమీద పలు దేశాలు కలిసి చేసే సైనిక చర్యల్లో కాలే ఇంధనం ఏ దేశం ఖాతాలోనూ పడదు. తీరా ఆ ఒప్పందాన్ని అమెరికా ఆమోదించనే లేదు, విడ్డూరం. 2015 పారిస్ ఒప్పందం తర్వాత కూడా సైన్యం లెక్క చెప్పాలా వద్దా అన్నది దేశాల ఇష్టానికే వదిలేశారు. ప్రపంచ ఉద్గారాల్లో సైన్యాల వాటా 5.5 శాతం ఉండొచ్చని 2022లో బ్రిటిష్ పరిశోధకులు అంచనా కట్టారు. నువ్వెక్కడ చెప్పినా "అంచనా" అన్న మాట వదలకు. ఎందుకు అంచనాతో సరిపెట్టుకోవాల్సొచ్చిందో అడగడమే నీ ప్రశ్న.

అడగడానికి దారి ఉంది. అక్కడి సమాచార హక్కు చట్టం 2005 నుంచి అమల్లో ఉంది, అర్జీ పెట్టడానికి ఆ దేశ పౌరులే కానక్కర్లేదు, మన దగ్గర ఆర్టీఐ మాత్రం పౌరులకే. ఫీజు లేదు, 20 పనిదినాల్లో జవాబివ్వాలి. కానీ తెలివిగా అడగాలి. "సైన్యం ఉద్గారాల వివరాలన్నీ ఇవ్వండి" అంటే ఖర్చు 600 పౌండ్ల పరిమితి దాటుతుందని తోసేస్తారు. "ఫలానా ఆర్థిక సంవత్సరంలో విమాన ఇంధనం ఎన్ని లీటర్లు కొన్నారు, దాన్ని ఏ నివేదికలో ఏ పద్దు కింద చూపారు" అని అడుగు. పర్యావరణ సమాచారానికి 2004 నాటి నిబంధనలు వేరేగా ఉన్నాయి. వాటి కింద ఉద్గారాల సమాచారం అడిగితే వ్యాపార రహస్యం అనే సాకు చెల్లదు. దేశ రక్షణ అనే సాకు మాత్రం చెల్లుతుంది, అది అడ్డొస్తే టెన్షన్ పడకు, పునఃపరిశీలన అడుగు, తర్వాత ఇన్ఫర్మేషన్ కమిషనర్ దగ్గరికి, అక్కడా కాకపోతే ట్రైబ్యునల్‌కి. ఇవ్వననడం కూడా రాతపూర్వకంగానే వస్తుంది, దాన్ని ఫైల్లో పెట్టు, అది కూడా కాగితమే. నీ స్నేహితుల్లో స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లు ర్యాలీలో అరెస్టు దాకా తెచ్చుకోకూడదు, వాళ్లకి ఈ పని అప్పజెప్పు.

"ముందు మీ ఇండియా సంగతి చూసుకోండి" అనేవాళ్లు తగులుతారు. కోపం తెచ్చుకోకు, చూస్తాం అను. మన తలసరి ఉద్గారం 2 టన్నుల చిల్లరే, నిజమే, కానీ దేశం మొత్తంగా చూస్తే మూడో స్థానంలో ఉన్నాం. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ పొందడం పౌరుల హక్కని మన సుప్రీంకోర్టు 2024లో చెప్పింది, దాన్ని పట్టుకుని అడగాల్సినవి మాకిక్కడ చాలానే ఉన్నాయి. రష్యాలో అయితే 2022 మార్చి నుంచి సైన్యం గురించి "తప్పుడు సమాచారం" అంటూ 15 ఏళ్ల దాకా జైల్లో వేయొచ్చు. అక్కడి పిల్లలు అడగలేరు కదా, అడిగే వీలున్నచోట ఉన్నావు, అడుగు.

ఓపిక గురించి ఒక్కటే చెప్తాను. 2019లో పసిఫిక్ దీవుల్లోని ఒక విశ్వవిద్యాలయంలో 27 మంది లా విద్యార్థులు, దేశాల వాతావరణ బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్ని అడుగుదామనుకున్నారు. వనువాటు అనే బుల్లి దేశం దాన్ని భుజానికెత్తుకుంది, 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితి తీర్మానమైంది, 2025 జులై 23న న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, వాతావరణాన్ని కాపాడటం దేశాల చట్టబద్ధ బాధ్యత అన్నారు. సలహా మాత్రమే, అమలు చేయించే పోలీసు ఎవరూ లేరు. అయినా ఇక ఏ దేశపు కోర్టులోనైనా వకీలు ఆ కాగితం తీసి బల్ల మీద పెట్టగలడు.

నువ్వు ర్యాలీలు మానక్కర్లేదు, గొడుగు మాత్రం తీసుకెళ్లు. ఈ వారంలో నీ మొదటి అర్జీ ముసాయిదా రాసి నాకు పంపు. ఇంగ్లిష్ దిద్దడం నా వల్ల కాదు, నీ ప్రశ్నలో వాళ్లు జారుకునే సందు ఎక్కడుందో మాత్రం చూసి పెడతాను.

మీ అమ్మమ్మ